రక్తం చుక్కతో స్ట్రోక్ రకం తేలుతుందా? తీసిన గడ్డని ఏం చేయాలి?

రాత్రిడ్యూటీ #1
"రక్తపరీక్షతో 15 నిమిషాల్లో పక్షవాతం రకం చెప్పేస్తారు" అనే వార్త నెలకోసారి వస్తోంది. అది చదివినవాళ్లు పేషెంటుని సీటీకి తీసుకెళ్తుంటే అడ్డుపడి "ముందు ఆ రక్తపరీక్ష చెయ్యండి" అంటున్నారు. ఇంకోపక్క, ఆగక్కర్లేని రక్తపరీక్షల కోసం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఆపేస్తున్నారు. సీటీలో బ్లీడ్ (మెదడులో రక్తస్రావం) లేదు, చెయ్యి పడిపోయి రెండు గంటలే అయింది, అయినా ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే అంకె) రావాలి, ప్లేట్‌లెట్లు రావాలి అంటూ నలభై నిమిషాలు కూర్చోబెడతారు. చాలా ఆస్పత్రుల్లో ఇది మామూలైపోయింది. నా అసలు బాధ ఇదే.

తెలిసినవాళ్లు మూడు సంగతులు విడమర్చి చెప్పండి. ఆ వార్తల్లోని పరీక్ష కొలిచే జీఎఫ్ఏపీ అనే ప్రోటీన్ నిజంగా బ్లీడ్‌నీ, గడ్డనీ వేరుచేస్తుందా? ఇంజెక్షన్‌కి ముందు ఏ రిపోర్టు తప్పనిసరి, ఏది కాదు? థ్రాంబెక్టమీలో (నాళంలోకి గొట్టం పంపి గడ్డని లాగే పద్ధతిలో) బయటికి తీసిన గడ్డని చూసి పారేస్తున్నాం కదా, దాన్ని పరీక్షకి పంపితే పేషెంటుకి ఏమైనా ఒరుగుతుందా?

న్యూరోగోదారి #2
రెండోది ముందు తేల్చేద్దాం, ఎందుకంటే దానికి జవాబు ఎప్పుడో వచ్చేసింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2019 మార్గదర్శకాల్లో స్పష్టంగానే ఉంది: థ్రాంబోలిసిస్‌కి (గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి) ముందు అందరికీ తప్పనిసరిగా చూడాల్సిన రక్తపరీక్ష ఒక్కటే, షుగర్. వేలి చుక్కతో గ్లూకోమీటర్ మీద చూస్తే చాలు. 50 కంటే తక్కువ ఉంటే అచ్చం పక్షవాతంలాగే మూతి వంకరపోతుంది, మాట పడిపోతుంది. గ్లూకోజ్ ఎక్కించాక తగ్గిందా లేదా చూడాలి. 400 దాటినా ఇలాంటి మోసమే జరగొచ్చు.

ఐఎన్ఆర్ 1.7 దాటితే, ప్లేట్‌లెట్లు లక్షలోపు ఉంటే, ఏపీటీటీ (గడ్డకట్టే సమయం చూసే ఇంకో పరీక్ష) 40 సెకన్లు దాటితే ఇవ్వకూడదు, నిజమే. కానీ ఆ తేడా ఉంటుందని అనుమానించడానికి కారణం లేనప్పుడు రిపోర్టు కోసం ఆగొద్దని కూడా అదే పుస్తకంలో ఉంది. శాంపిల్ తీసి పంపండి, ఇంజెక్షన్ మొదలుపెట్టండి, రిపోర్టు తేడాగా వస్తే ఆపండి. బీపీ మాత్రం 185/110 లోపు ఉండాలి. అది మిషన్ మీద కనిపించేదే, ల్యాబ్‌తో పనిలేదు.

రాత్రిడ్యూటీ #3
"ఆపండి" అంటే, గడ్డ కరిగించే మందుల్లో ఆల్టెప్లేజ్ గంటసేపు ఎక్కుతుంది కాబట్టి సగంలో ఆపొచ్చు సర్. టెనెక్టెప్లేజ్ ఒక్క తోపులో అయిపోతుంది కదా. అప్పుడు ఆపేదేముంది?

న్యూరోగోదారి #4
సరైన ప్రశ్న. అందుకే అనుమానించే పని సూది పట్టుకోక ముందే జరగాలి. అడగాల్సినవి నాలుగే: రక్తం పల్చబడే మాత్ర వాడుతున్నారా, డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ వెళ్లిందా, లివర్ జబ్బు ఉందా, కేన్సర్ మందులో రక్తజబ్బో ఉందా. నాలుగూ లేవంటే ముందుకెళ్లండి. ఎవరూ చెప్పలేని స్థితిలో ఉంటే మాత్రల కవర్ తెమ్మనండి, జేబులు చూడండి, ఛాతీ మీద వాల్వ్ ఆపరేషన్ గీత ఉందేమో చూడండి. నాడి అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంటే వార్ఫరిన్‌లాంటి రక్తం పల్చబరిచే మాత్ర వాడుతున్నారని అనుమానించాల్సిందే.

నీలిమూత #5
ల్యాబ్ వైపు నుంచి. మీరు ఆలస్యం అంటున్నదాంట్లో సగం శాంపిల్ తిరగ్గొట్టడం వల్ల వస్తుంది. నీలం మూత ట్యూబులో రక్తాన్ని గడ్డకట్టనివ్వని సిట్రేట్ 3.2 శాతం ఉంటుంది, తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు. 2.7 మి.లీ. ట్యూబులో గీతదాకా నింపకుండా 1.5 మి.లీ. పోసి పంపితే సిట్రేట్ ఎక్కువైపోయి ఏపీటీటీ లేనిపోని సాగుడు చూపిస్తుంది. అది చూసి "కోగ్యులోపతీ" (గడ్డకట్టే లోపం) అని ఇంజెక్షన్ ఆపేస్తారు. మనిషికి ఏమీ ఉండదు, ట్యూబుకే జబ్బు.

ఇంకొన్ని:
ఊదా మూత ట్యూబులోంచి కొంచెం నీలం మూత దాంట్లోకి వంచడం అసలు చేయొద్దు. ఊదా దాంట్లో ఉండే ఈడీటీఏ కాల్షియాన్ని లాగేస్తుంది, పీటీ, ఏపీటీటీ రెండూ పాడవుతాయి. ఎప్పుడూ నీలం ముందు, ఊదా తర్వాత.
నింపగానే మూడు నాలుగుసార్లు మెల్లగా తిప్పండి, ఊపొద్దు.
హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 55 దాటినవాళ్లలో ప్లాస్మా తక్కువ కాబట్టి సిట్రేట్ తగ్గించాలి. ఆ మాట ఫోన్‌లో ముందే చెబితే ట్యూబ్ సిద్ధం చేస్తాం.
ప్లేట్‌లెట్లు 40 వేలు అని వచ్చి, మనిషికి ఎక్కడా కమిలిన మచ్చ లేకపోతే స్మియర్ (గాజుపలక మీద రక్తం పూత) చూడమని అడగండి. ఈడీటీఏలో ప్లేట్‌లెట్లు ముద్ద కట్టి మిషన్ లెక్క తప్పొచ్చు. సిట్రేట్ ట్యూబులో మళ్లీ చేసి వచ్చిన అంకెని 1.1తో గుణిస్తే అసలు సంఖ్య తెలుస్తుంది.

సీటీగది #6
ఈ ముద్ద ప్లేట్‌లెట్ల సంగతి ప్రతి క్యాజువాల్టీ గోడమీదా రాసిపెట్టాలి.

సైరన్ #7
వేలి చుక్క ఐఎన్ఆర్ మిషన్లు ఉన్నాయి కదా, నిమిషంలో అంకె ఇస్తాయి. వాటిని నమ్మొచ్చా?

నీలిమూత #8
వార్ఫరిన్ వాడేవాళ్లలో నమ్మొచ్చు. హెమటోక్రిట్ మరీ ఎక్కువైనా మరీ తక్కువైనా తప్పుతుంది. యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నవాళ్లలో లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. అపిక్సబాన్, రివరోక్సబాన్, డబిగాట్రాన్ అనే కొత్త రకం పల్చబరిచే మందులు వాడేవాళ్లలో ఐఎన్ఆర్ మామూలుగా ఉందని ధైర్యం తెచ్చుకోవద్దు, ఆ మందుల్ని ఐఎన్ఆర్ సరిగ్గా పట్టుకోలేదు. వాటికి యాంటీ-టెన్‌ఏ, థ్రాంబిన్ టైమ్ పరీక్షలు కావాలి.

న్యూరోగోదారి #9
దీనికి ఒక్కటే చేరుస్తాను. డబిగాట్రాన్ అని తేలితే దాని విరుగుడు ఇడారుసిజుమాబ్ 5 గ్రాములు, అంటే 2.5 చొప్పున రెండు వయల్స్, ఇచ్చి థ్రాంబోలిసిస్ చేసే దారి ఉంది. పెద్ద నాళం మూసుకుపోయి ఉంటే ఈ గొడవంతా లేకుండా నేరుగా థ్రాంబెక్టమీకి తీసుకెళ్లొచ్చు.

గాల్వేతీరం #10
మొదటి ప్రశ్నకి వస్తాను. జీఎఫ్ఏపీ అనేది మెదడులోని ఆస్ట్రోసైట్ కణాల్లోపల ఉండే ప్రోటీన్. నాళం చిట్లినప్పుడు రక్తం దూసుకొచ్చి ఆ కణాల్ని అక్కడికక్కడే చింపేస్తుంది, ప్రోటీన్ నిమిషాల్లో బయటపడుతుంది. గడ్డ అడ్డుపడినప్పుడు కణాలు ఆకలితో మెల్లగా చస్తాయి, గోడలు పగలడానికి గంటలు పడుతుంది. కాబట్టి మొదటి నాలుగైదు గంటల్లో జీఎఫ్ఏపీ ఎక్కువ ఉందంటే బ్లీడ్ వైపు మొగ్గు. రోజు గడిచాక ఈ తేడా ఉండదు, పెద్ద ఇన్‌ఫార్క్ట్‌లో (రక్తం అందక చచ్చిన మెదడు భాగంలో) కూడా బాగా పెరుగుతుంది.

అంకెలు. ఫ్రాంక్‌ఫర్ట్ బృందం జర్మనీ ఆస్పత్రులతో కలిసి చేసిన బీ ఫాస్ట్ 3 అధ్యయనం 2012లో వచ్చింది. 205 మంది, లక్షణాలు మొదలై 4.5 గంటల లోపువాళ్లు. లీటరుకి 0.29 మైక్రోగ్రాములు గీతగా పెట్టుకుంటే బ్లీడ్‌ని పట్టే సెన్సిటివిటీ 84.2 శాతం, స్పెసిఫిసిటీ (బ్లీడ్ లేనివాళ్లని లేదని సరిగ్గా చెప్పడం) 96.3 శాతం.

ఇప్పుడు దీన్ని పేషెంట్ల మీద పెట్టి చూడండి. 100 మంది స్ట్రోక్ పేషెంట్లలో 20 మందికి బ్లీడ్ అనుకుందాం. పరీక్ష 17 మందిని పట్టుకుంటుంది, ముగ్గుర్ని వదిలేస్తుంది. మిగతా 80 మందిలో ముగ్గురికి తప్పుగా బ్లీడ్ అంటుంది. అంటే నెగెటివ్ వచ్చిన 80 మందిలో ముగ్గురి తలలో రక్తం ఉంది. వాళ్లకి గడ్డ కరిగించే మందు ఇస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పాజిటివ్ వస్తే "ఇది బ్లీడ్ కావచ్చు" అని నడుచుకోవచ్చు. నెగెటివ్ వచ్చిందని సీటీ లేకుండా సూది వేయలేం. వార్తలు రాసేవాళ్లు ఈ తేడానే వదిలేస్తున్నారు.

రాత్రిడ్యూటీ #11
అయితే సీటీ పక్కనే ఉన్న ఆస్పత్రిలో దీనివల్ల ఉపయోగం లేనట్టేనా?

గాల్వేతీరం #12
సీటీ ఐదు నిమిషాల్లో అయ్యే చోట లేనట్టే. సీటీ గంట దూరంలో ఉన్నచోటే దీనికి పని.

సైరన్ #13
అదే నేనంటాను, దీని చోటు అంబులెన్స్. చైనాలో చేసిన ఇంటరాక్ట్-4 ట్రయల్ చూడండి, 2024. అంబులెన్స్‌లోనే 2404 మందికి, ఏ రకం స్ట్రోకో తెలియకుండానే, బీపీ తగ్గించే మందు ఇచ్చి చూశారు. మొత్తం మీద లాభమూ లేదు నష్టమూ లేదు. లోపలికెళ్లి చూస్తే బ్లీడ్ ఉన్నవాళ్లకి మేలు జరిగింది, గడ్డ ఉన్నవాళ్లకి కీడు జరిగింది, రెండూ కలిసి కొట్టేసుకున్నాయి. స్ట్రోక్ అని ఖాయమైనవాళ్లలో 46.5 శాతం బ్లీడ్లే. అంబులెన్స్‌లో జీఎఫ్ఏపీ ఉండి ఉంటే బీపీ ఎవరికి తగ్గించాలో, ఎవరికి ముట్టుకోకూడదో తేలేది. ఇక్కడ నెగెటివ్ తప్పయినా పెద్ద ప్రమాదం లేదు. మందు ఇవ్వకుండా వదిలేస్తాం, అంతే. గడ్డ కరిగించే సూది లెక్క వేరు, బీపీ మందు లెక్క వేరు.

న్యూరోగోదారి #14
ఒప్పుకుంటాను, కానీ పూర్తిగా కాదు. పాజిటివ్ తప్పయితే? గడ్డ ఉన్నవాడికి బీపీ దించేస్తాం. పక్కదారిలోంచి ఆ మెదడు భాగానికి అందుతున్న కాస్త రక్తం కూడా ఆగిపోతుంది. తప్పు పాజిటివ్‌కి కారణాలు చాలా ఉన్నాయి: పడిపోయినప్పుడు తలకి దెబ్బ తగలడం, కొద్దిరోజుల కిందటి స్ట్రోక్, గ్లయోబ్లాస్టోమాలాంటి మెదడు కణితులు. వయసుతో కూడా జీఎఫ్ఏపీ పెరుగుతుంది. చెయ్యి పడిపోయిన మనిషి ఎక్కువగా కిందపడే దొరుకుతాడు కదా. చిన్న బ్లీడ్లు, మరీ మొదటి నిమిషాల్లో తీసిన శాంపిళ్లు తక్కువ చూపించే ఇబ్బంది దీనికి అదనం.

నీలిమూత #15
దెబ్బ సంగతి వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. ఇప్పుడు చేతిలో పట్టే ఐ-స్టాట్ మిషన్ మీద దొరికే జీఎఫ్ఏపీ కార్ట్రిడ్జ్ తలదెబ్బకి చేసింది, స్ట్రోక్‌కి కాదు. అమెరికాలో ప్లాస్మా రకానికి 2021లో, సెంట్రిఫ్యూజ్ అక్కర్లేని నేరు రక్తం రకానికి 2024లో అనుమతి వచ్చింది. ప్లాస్మా రకంలో గీత మి.లీ.కి 30 పికోగ్రాములు, అది "సీటీ తియ్యాలా వద్దా" అనేందుకు. పైన #10లో చెప్పిన 0.29 మైక్రోగ్రాములంటే మి.లీ.కి 290 పికోగ్రాములు. దాదాపు పదింతల తేడా. పైగా కంపెనీ మారితే యాంటీబాడీ మారుతుంది, అంకె మారుతుంది. ఒక కిట్ గీతని ఇంకో కిట్‌కి అంటించకూడదు.

108 బండిలో పెట్టాలంటే ఇంకో చిక్కు. కార్ట్రిడ్జ్‌లు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. మిషన్ పనిచేసేది 16 నుంచి 30 డిగ్రీల మధ్య. మే నెలలో ఎండలో నిలబెట్టిన బండిలో ఏసీ ఆపేస్తే పది నిమిషాల్లో ఆ గీత దాటుతుంది, మిషన్ "టెంపరేచర్" అని మొరాయిస్తుంది. ఈ రకం పరీక్ష నడుస్తున్న 15 నిమిషాలూ మిషన్ సమతలంగా, కదలకుండా ఉండాలి. గుంతల రోడ్డు మీద అది ఎట్లా కుదురుతుందో ఆలోచించండి.

సైరన్ #16
బండి ఆగి ఉన్నప్పుడే మొదలుపెట్టి, మిషన్‌ని గోడకి బిగించిన అరలో పెట్టాలి. ఏసీ, అర రెండూ ఏర్పాటు చేయగలిగేవే. అందుకని అసలు ఆలోచనే మానుకోవాలంటే ఒప్పుకోను.

సీటీగది #17
పెద్ద నాళం మూసుకుందో లేదో రక్తంలో తెలుస్తుందని కూడా ఎక్కడో చదివా. డి-డైమర్ కలిపి చూస్తారట. అదెంతవరకు నిజం?

గాల్వేతీరం #18
2024లో వచ్చిన ఫ్లోరిడా అధ్యయనం, 323 మంది. ఆలోచన తేలికే: పెద్ద గడ్డ ఉంటే డి-డైమర్ (గడ్డ కరిగేటప్పుడు రక్తంలోకి వచ్చే ప్రోటీన్ ముక్క) పెరుగుతుంది, బ్లీడ్ అయితే జీఎఫ్ఏపీ పెరుగుతుంది. మి.లీ.కి డి-డైమర్ 600 నానోగ్రాములు దాటి, జీఎఫ్ఏపీ 213 పికోగ్రాముల లోపు ఉండి, ఫాస్ట్-ఈడీ అనే లక్షణాల స్కోరు కూడా కలిస్తే పెద్ద నాళం మూసుకుందని అనుమానిస్తారు. మూడూ కలిపితే సెన్సిటివిటీ 81, స్పెసిఫిసిటీ 93. థ్రాంబెక్టమీ చేసే ఆస్పత్రికి నేరుగా తీసుకెళ్లాలా, దగ్గర్లోని చోట ఆగాలా అని తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది.

నీలిమూత #19
డి-డైమర్ అంకె చూసేముందు యూనిట్ చూడండి బాబూ. రెండు లెక్కలున్నాయి, ఎఫ్ఈయూ అని ఒకటి, డీడీయూ అని ఒకటి. ఒకే రక్తం ఎఫ్ఈయూలో 500 వస్తే డీడీయూలో 250 దగ్గర వస్తుంది. మీ ల్యాబ్ డీడీయూలో ఇస్తూ, మీరు పేపర్లోని ఎఫ్ఈయూ గీతతో పోల్చితే చాలా కేసులు జారిపోతాయి. దానికి తోడు మైక్రోగ్రాములా నానోగ్రాములా, మి.లీ.కా లీటరుకా అన్నది. రిపోర్టు మీద యూనిట్ లేకపోతే ఫోన్ చేసి అడగండి.

ఇంకోటి, థ్రాంబోలిసిస్ సూది పడ్డాక తీసిన శాంపిల్లో డి-డైమర్ ఆకాశానికి లేస్తుంది. అది గడ్డ కరుగుతున్న గుర్తు, దాన్నిబట్టి ఏ రోగనిర్ధారణా చేయొద్దు. సూదికి ముందు తీసిన ట్యూబే వాడాలి.

న్యూరోగోదారి #20
డి-డైమర్‌కి నా దృష్టిలో ఇంకో మంచి పని ఉంది. ఎంఆర్ఐలో కుడి, ఎడమ, వెనక, మూడు వైపులా చిన్నచిన్న మచ్చలు, గుండెలో ఏమీ లేదు, మెడ నాళాలు శుభ్రం, డి-డైమర్ మాత్రం బాగా ఎక్కువ. అలాంటప్పుడు ఎక్కడో దాగిన కేన్సర్ కోసం వెతకాలి. అత్యవసరంలో కాదు, మర్నాడు.

ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ (గుండె మీద ఒత్తిడి పడితే రక్తంలో పెరిగే ప్రోటీన్) మీద కూడా ఆశలు పెట్టుకున్నారు. 250 దాటినవాళ్లకి గుండె పైగది జబ్బుపడి ఉంటుంది, ఆస్పిరిన్ కంటే అపిక్సబాన్ మేలు చేస్తుందని అనుకున్నారు. ఆర్కాడియా ట్రయల్ 2024లో వచ్చింది. ఆ పరీక్షతోనో, ఈసీజీ, ఎకో గుర్తులతోనో ఎంచిన 1015 మందిలో రెండు మందులకీ ఏడాదికి మళ్లీ స్ట్రోక్ 4.4 శాతం. తేడా సున్నా. మార్కర్ పెరగడం వేరు, దాన్ని చూసి మందు మారిస్తే మేలు జరగడం వేరు.

రాత్రిడ్యూటీ #21
ఇక గడ్డ సంగతి. ప్యాథాలజీ వాళ్లు ఎవరైనా ఉన్నారా?

సూక్ష్మదర్శిని #22
ఉన్నాను. గడ్డంతా ఒకటే పదార్థం అనుకోవడమే మొదటి పొరపాటు. ఎర్ర రక్తకణాలు కిక్కిరిసిన చోటు ఒకటి, ఫైబ్రిన్ (గడ్డని అల్లే దారం లాంటి ప్రోటీన్), ప్లేట్‌లెట్లు, వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ పేనుకున్న చోటు ఒకటి, మధ్యలో తెల్లకణాలు విసిరిన డీఎన్ఏ వలలు. ఎర్ర గడ్డ మెత్తగా ఉంటుంది, టీపీఏకి (ఆల్టెప్లేజ్‌కి) తొందరగా కరుగుతుంది. ఫైబ్రిన్, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న తెల్లగడ్డ రబ్బరులా ఉంటుంది, టీపీఏ దానిలోకి దిగదు. పైగా చాలా గడ్డలకి బయటి పెంకు దట్టంగా ఉంటుంది, లోపల మెత్తగా ఉన్నా మందు పెంకు దగ్గరే ఆగిపోతుంది.

మార్షియస్ స్కార్లెట్ బ్లూ అనే రంగు వేస్తే ఎర్రకణాలు పసుపుగా, ఫైబ్రిన్ ఎర్రగా, కొల్లాజెన్ నీలంగా కనిపిస్తాయి. ఇందులో మోసం ఏమిటంటే ప్లేట్‌లెట్లకి విడిగా రంగు లేదు, ఫైబ్రిన్‌లో కలిసిపోయి గులాబీ ఛాయలో ఉంటాయి. పాత పేపర్లలో "ఫైబ్రిన్ 60 శాతం" అని ఉంటే అందులో ప్లేట్‌లెట్లెన్నో తెలియదు. గుండె నుంచి వచ్చిన గడ్డ ఎర్రదా తెల్లదా అని పేపర్లు కొట్టుకోవడానికి ఇదొక కారణం. సీడీ42బీ ఇమ్యునో రంగు వేస్తే తప్ప ప్లేట్‌లెట్లు విడిపోవు.

ఫార్మలిన్‌లో పెట్టిన కణజాలానికి ఈ రంగు సరిగా పట్టాలంటే ముందు స్లైడ్‌ని బూయాన్ ద్రవంలో నానబెట్టాలి. అది మానేస్తే పసుపు పేలవంగా వస్తుంది, ఎర్రకణాల శాతం తక్కువని తప్పు లెక్క వేస్తారు.

క్యాథ్‌కత్తి #23
మేడమ్ చెప్పిన మెత్తన, రబ్బరు తేడా బల్ల మీద చేతికి తెలిసిపోతుంది. ఎర్ర గడ్డ మొదటి లాగుడులోనే వస్తుంది, కాకపోతే విరిగి ముక్కలు ముందుకెళ్తాయి. తెల్లది స్టెంట్ (గడ్డని పట్టి లాగే తీగల వల) తీగల్లో ఇమడదు, స్టెంట్ దాని పక్కనుంచి జారిపోతుంది. స్టెంట్ విప్పాక మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగమనేది అందుకే, తీగలు గడ్డలోకి దిగాలి. అయినా రాకపోతే అదే పనిని నాలుగోసారి చేయడం కంటే పద్ధతి మార్చడం మేలు: ఆస్పిరేషన్ కేథటర్‌ని (పీల్చే గొట్టాన్ని) గడ్డ ముఖానికి ఆనించి స్టెంట్‌తో కలిపి లాగడం. తెరుచుకుని మళ్లీ మూసుకుపోతుంటే అది గడ్డ ఒక్కటే కాదు, లోపల నాళం గోడే సన్నబడి ఉంది. మన దేశంలో ఇది తక్కువేం కాదు.

గాల్వేతీరం #24
#23కి సాక్ష్యం ఉంది. గాల్వేలో ఒక్కో లాగుడులో వచ్చిన ముక్కల్ని విడివిడిగా పరీక్షించారు. మొదటి రెండిట్లో వచ్చినవాటిలో ఎర్రకణాలెక్కువ, మూడో లాగుడు నుంచి ఫైబ్రిన్ ఎక్కువ. అన్నీ ఒకే డబ్బాలో వేస్తే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

సీటీగది #25
ముందే కొంత పసిగట్టొచ్చు. మామూలు సీటీలో నాళం తెల్లటి గీతలా మెరిస్తే ఎర్రకణాలున్న గడ్డ. మెరుపు లేకపోతే తెల్లది కావచ్చు. మరీ ఎముకంత తెల్లగా గుండ్రంగా ఉంటే కాల్షియం ముక్క, అది సూదికి కరగదు, స్టెంట్‌కీ తొందరగా లొంగదు. రెండో వైపు నాళంతో పోల్చి చూడండి. హెమటోక్రిట్ ఎక్కువున్నవాళ్లకి రెండు వైపులా మెరుస్తుంది. 5 మి.మీ. మందం సీటీ పొరల్లో ఈ గీత కనపడకుండా పోతుంది, 1 మి.మీ. లేదా ఇంకా సన్నటివి తీయించండి. పొడవు కొలవడానికీ సన్నటివే కావాలి: 8 మి.మీ. దాటిన గడ్డ ఒక్క టీపీఏతో తెరుచుకోవడం దాదాపు జరగదని కీల్ బృందం 2011లోనే చూపించింది.

రాత్రిడ్యూటీ #26
టీపీఏకి లొంగని గడ్డకి ఇంకో మందు కలిపితే?

గాల్వేతీరం #27
బెల్జియంలో లూవెన్ వాళ్లు 2017లో 68 గడ్డలు పరీక్షిస్తే దాదాపు అన్నిట్లోనూ ఆ డీఎన్ఏ వలలున్నాయి. ల్యాబ్ గిన్నెలో టీపీఏకి తోడు డీఎన్ఏని కోసే డీనేస్ ఎంజైమ్ వేస్తే గడ్డ ఇంకా తొందరగా కరిగింది. మరుసటి ఏడాది పారిస్‌లో 108 గడ్డల మీద అదే తేలింది. ఫ్రాన్స్, ఆస్ట్రేలియాల్లో మనుషుల మీద ట్రయల్స్ మొదలయ్యాయి. నాకు దీని మీద గట్టి ఆశ ఉంది.

న్యూరోగోదారి #28
ఆశ సరే, గిన్నెలో కరిగింది మనిషిలో కరగాలని లేదు. ప్లేట్‌లెట్ల మీద, థ్రాంబిన్ మీద ఇదే తర్కంతో మోస్ట్ ట్రయల్ చేశారు. సూదికి తోడు అర్గాట్రోబాన్ లేదా ఎప్టిఫిబటైడ్, 514 మంది, 2024. లాభం లేదని మధ్యలోనే ఆపేశారు, అర్గాట్రోబాన్ గుంపులో మరణాలు పెరిగాయి. థ్రాంబెక్టమీ అయ్యాక నాళంలోకి నేరుగా కొంచెం ఆల్టెప్లేజ్ ఇచ్చిన బార్సిలోనా ట్రయల్, చాయిస్, 2022, మాత్రం బాగుంది: దాదాపు పూర్తిగా కోలుకున్నవాళ్లు 59 శాతం, ఇవ్వనివాళ్లలో 40.4. కానీ 121 మందే. 2025లో చైనా నుంచి వచ్చిన అలాంటి ట్రయల్స్‌లో కొన్ని లాభం చూపాయి, కొన్ని చూపలేదు.

క్యాథ్‌కత్తి #29
మందుల మాట వచ్చింది కాబట్టి మోతాదు గురించి గట్టిగా చెప్పాలి. టెనెక్టెప్లేజ్ గుండెపోటుకీ, స్ట్రోక్‌కీ ఒకటే వయల్, మోతాదులు వేరు. స్ట్రోక్‌కి కిలోకి 0.25 మి.గ్రా., ఎంత బరువున్నా 25 దాటొద్దు. 60 కిలోల మనిషికి 15 మి.గ్రా. అదే మనిషికి గుండెపోటులో 35. అలవాటు మీద గుండె మోతాదు లాగేస్తే రెట్టింపు పైనే పడుతుంది. స్ట్రోక్‌లో 0.4 వాడిన నార్వే ట్రయల్‌ని బ్లీడ్లు పెరిగాయని మధ్యలో ఆపేశారు. మన దేశంలో తయారయ్యే టెనెక్టెప్లేజ్ బయోసిమిలర్‌కి (అసలు మందుని పోలిన రకానికి) అనుమతి 0.2 చొప్పున వచ్చింది, గరిష్ఠం 20, కాబట్టి మీ ఆస్పత్రి ఏది పాటిస్తుందో ముందే రాసిపెట్టుకోవాలి.

50 మి.గ్రా. వయల్‌లో 10 మి.లీ. స్టెరైల్ వాటర్ పోస్తే మి.లీ.కి 5 మి.గ్రా. 60 కిలోలకి 3 మి.లీ. మెల్లగా తిప్పి కలపాలి, కుదిపితే నురగ వస్తుంది. డెక్స్‌ట్రోజ్ వెళ్తున్న లైనులో తోయొద్దు, మందు విరిగిపోతుంది. ముందూ వెనకా సెలైన్‌తో కడగాలి. మిగిలిన మందుని వయల్‌లోనే ఉంచండి, సిరంజిలోకి పూర్తిగా లాగి "కొంచెమే ఇద్దాం" అనుకోవడం నుంచే పొరపాట్లు పుడతాయి.

నీలిమూత #30
సూది తర్వాత తలనొప్పి, వాంతి, మనిషి మగతలోకి జారడం కనిపిస్తే సీటీతో పాటే ఫైబ్రినోజెన్ (గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్) పరీక్షకి పంపండి. అడగడం మరిచిపోయే పరీక్ష ఇదొక్కటే. 150 లోపుంటే ఆ ప్రోటీన్ ఉండే క్రయోప్రెసిపిటేట్ కావాలి, 10 యూనిట్లు. అది ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించాలి, కాబట్టి బ్లడ్ బ్యాంకుకి ఫోన్ రిపోర్టు వచ్చాక కాదు, అనుమానం వచ్చినప్పుడే చేయాలి. వెంటనే దొరక్కపోతే ట్రానెక్సామిక్ ఆసిడ్ గ్రాము, 10 నిమిషాల్లో.

రాత్రిడ్యూటీ #31
మేడమ్, నా మూడో ప్రశ్న మిగిలిపోయింది. పరిశోధన సరే, ఆ పేషెంటుకే పనికొచ్చేలా గడ్డలో ఏం కనిపిస్తుంది?

సూక్ష్మదర్శిని #32
అన్ని గడ్డల్లో కాదు. కానీ కనిపించిన రోజు వైద్యమే మారిపోతుంది. సూక్ష్మజీవుల గుంపులుంటే అది గుండె వాల్వ్ మీద ఇన్‌ఫెక్షన్. ఒకవేళ థ్రాంబోలిసిస్ ఆలోచన ఉంటే అక్కడితో ఆగాలి, యాంటీబయాటిక్ మొదలవ్వాలి. ఫంగస్ తీగలుంటే మందే వేరు. జిగురు లాంటి పదార్థంలో నక్షత్రాకారం కణాలుంటే గుండెలో మిక్సోమా అనే కణితి, ఎకో చేసి ఆపరేషన్‌కి పంపాలి. కేన్సర్ కణాలుంటే #20లో సర్ చెప్పిన వెతుకులాటకి జవాబు దొరికినట్టే. జ్వరం ఉన్న పేషెంటు, కొత్తగా గుండెలో మర్మర్ అనే శబ్దం ఉన్న పేషెంటు, నలభై లోపు వయసు, గడ్డ చూడటానికే వింతగా ఉన్న కేసు, వీటిల్లో తప్పకుండా పంపండి.

పంపే పద్ధతి:
ఇన్‌ఫెక్షన్ అనుమానం ఉంటే ముందు ఒక ముక్కని స్టెరైల్ డబ్బాలో, కొన్ని చుక్కల సెలైన్‌తో, కల్చర్‌కి (సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్షకి). ఫార్మలిన్ తగిలితే కల్చర్ చచ్చినట్టే.
మిగతాది సెలైన్‌లో మెల్లగా కడిగి, గ్రాఫ్ కాగితం మీద పెట్టి ఫోటో తీసి, 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో. గడ్డ సైజుకి పదింతలు ద్రవం. ఒక రోజు నానాలి.
గాజుగుడ్డలో చుట్టొద్దు, ఫైబ్రిన్ అతుక్కుపోయి సగం అక్కడే ఉంటుంది. ఫోర్సెప్స్‌తో నొక్కొద్దు.
హెపారిన్ కలిపిన సెలైన్ గిన్నెలో కేసు అయ్యేదాకా వదిలేయొద్దు.

క్యాథ్‌కత్తి #33
ఆస్పిరేషన్ పంపు డబ్బాలోకి వెళ్లిపోయిన ముక్కలు కూడా ఉంటాయి. రక్తాన్ని సన్నని జల్లెడలో వడకట్టండి. చాలాసార్లు "గడ్డ దొరకలేదు" అని రాసినవి అక్కడే ఉంటాయి.

గాల్వేతీరం #34
ఆర్ఎన్ఏ, ప్రోటీన్ పరీక్షలు కావాలనుకుంటే ఒక ముక్క ఫార్మలిన్‌కి వెళ్లకముందే ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి మైనస్ 80లో దాచాలి. అమెరికాలో కెంటకీ వాళ్లు ఇంకో అడుగు వేశారు: గడ్డకి అవతల ఇరుక్కున్న రక్తాన్ని మైక్రోకేథటర్‌తో లాగి, ఇవతలి రక్తంతో పోలుస్తున్నారు. చేతి సిరలో కనపడని మార్కర్లు అక్కడ కనపడతాయి. దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి, కుటుంబం సమ్మతి తప్పనిసరి.

రాత్రిడ్యూటీ #35
చాలా తేటగా ఉంది. క్యాథ్‌ల్యాబ్‌లో ఒక్కో లాగుడుకీ ఒక్కో డబ్బా సిద్ధంగా పెట్టిస్తాం. ఒకటే సందేహం: హడావిడిలో రెండు లాగుళ్ల ముక్కలు కలిసిపోతే, ఏది ఎప్పుడొచ్చిందో తెలియకపోతే?

సూక్ష్మదర్శిని #36
"కలిసినవి, మొత్తం రెండు లాగుళ్లు" అని రాసి పంపండి. ఊహించి నంబరు వేయొద్దు. కల్చర్‌కీ రోగనిర్ధారణకీ అవి పనికొస్తాయి, లాగుడువారీ లెక్కలోంచి మేమే తీసేస్తాం.